రాజుగారి ఉమ్మడి విందు

ఒకానొక రాజ్యంలో రాజుగారికన్నా ముందు ఆయన మీసాలు కొలువులోకి వచ్చేవి. అవి వచ్చి సింహాసనం మీద సర్దుకున్నాక, చాలాసేపటికి ఉద్దండ భూపతి వేంచేసేవాడు. ఆయన తుమ్మితే పొరుగు రాజ్యంలో ఇళ్ళ పెంకులు ఎగిరిపోయేవంటే నమ్మాలి మరి!

ఆ మహారాజుకు రెండు మాటలంటే ప్రాణం. ఒకటి ‘ఉమ్మడి’, రెండోది ‘పరస్పరం’. కోటగోడ కట్టాలంటే చాకిరీ ఉమ్మడి, కట్టాక గోడ రాజుగారిది. యుద్ధమొస్తే దెబ్బలు పరస్పరం, గెలుపు రాజుగారిది.

ఒక ఏడు వేసవి భగ్గుమంది. కాకులు ఎగురుతూ ఎగురుతూనే వేగిపోయి కిందపడ్డాయి. బీళ్ళన్నీ మాడిపోయాయి. రాజుగారి ఏటిగట్టు బీడులో మాత్రం మోకాటిలోతు పచ్చిక. రాజు దాన్ని తన ఏనుగులకని చుట్టూ కంచె వేయించి కాపలా పెట్టాడు.

గొల్లల పెద్ద బీరవ్వ కర్ర పొడుచుకుంటూ కొలువుకొచ్చింది.

“దొరా! మా మందలు రాత్రిపూట మీ చేలల్లో కడుతున్నాం. వాటి ఎరువుతోనే మీ చేలు పండుతున్నాయి. మంద కట్టించుకున్న ఆసామి గొర్రెలకు మేత చూపడం తాతలనాటి ఆచారం. ఆ బీడు తెరిపించు. తల్లులకు పాలు లేక, పిల్లలు వాటి కాళ్ళ దగ్గరే కూలబడుతున్నాయి.”

రాజు మీసం దువ్వాడు. “అవ్వా! మీకూ మాకూ ఉన్నది పరస్పర మైత్రి. మీ గొర్రెలు పడుకోవడానికి చోటిచ్చాం, చాలదూ? బీడు మాది. మైత్రి మాత్రం ఉమ్మడి!”

కొలువంతా చప్పట్లతో దద్దరిల్లింది. విదూషకుడు శరభయ్య ఒక్కడే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన నాలుక ఎంత పదునంటే, దాంతో మంగలి గడ్డం గీయవచ్చునట.

“ఏం శరభయ్యా, చేతులు పడిపోయాయా?” అన్నాడు రాజు.

“లేదు ప్రభూ! ఇంతటి మైత్రికి చప్పట్లేం సరిపోతాయి? విందు చెయ్యాలి. రేపు మా ఇంట ఏలినవారూ గొల్లలూ ఒకే బంతిలో!”

“భేష్! కానీ ఆ విందు అచ్చం మా మైత్రిలాగే ఉండాలి. వెంట్రుకవాసి తేడా వచ్చిందో, నీకు దేశబహిష్కారం!”

“చిత్తం. తు.చ. తప్పకుండా పాటిస్తాను.”

మర్నాడు రాజు విందు కోసమని పొద్దుటి ఫలహారం కూడా మానేశాడు. శరభయ్య ఇంట గుత్తివంకాయ వేగుతుంటే ఆ ఘుమఘుమకు కోట మీది ఫిరంగులు నోళ్ళు తెరిచాయి. పులిహోర రాశి ఎంత ఎత్తంటే, అవతల కూర్చున్నవాడు ఇవతలివాడికి కనబడలేదు!

రాజు బంతి మధ్యలో కూర్చున్నాడు. పక్క విస్తరి బీరవ్వది. వడ్డన మొదలైంది. గారెలొచ్చాయి, సంకటి ముద్దలొచ్చాయి, నెయ్యి ధారలు కట్టింది. అన్నీ రాజుగారి విస్తరి దాకా వచ్చి, దాన్ని దాటి వెళ్ళిపోయాయి. శరభయ్య గారె కొరికి కళ్ళు మూసుకున్నాడు.

“శరభయ్యా! మా విస్తరి చూశావా?”

“చూశాను ప్రభూ. లేత అరిటాకు.”

“అందులో ఏమీ లేదేం?”

“బంతి ఉమ్మడి ప్రభూ. వంట మాత్రం మాది. తమరు కూర్చోవడానికి చోటిచ్చాం, చాలదూ?”

రాజు కళ్ళు నిప్పులయ్యాయి. లేవబోయాడు. కానీ బంతి మధ్యలో లేస్తే తింటున్నవాళ్ళందరినీ అవమానించినట్టే. ఆచారాలకు తానే కంచుకోటనని ఊరూరా చాటించుకున్నవాడు ఎలా లేస్తాడు?

“నిన్ను దేశం దాటిస్తాను!”

“దాటిస్తే దాటించండి. కానీ మీ మైత్రికీ నా విందుకూ వెంట్రుకవాసి తేడా చూపించండి, చాలు.”

రాజు కళ్ళు పక్క విస్తర్లోని సంకటి ముద్ద మీద పడ్డాయి. ఆయన కడుపు ఉరిమిన ఉరుముకు, వానొస్తోందని ఊళ్ళో ఆడవాళ్ళు ఆరేసిన వడియాలు లోపల పెట్టుకున్నారు.

అంతలో బీరవ్వ తన సంకటి ముద్దను రెండుగా చేసి, సగం రాజు విస్తర్లో పెట్టింది.

“అవ్వా, అవ్వా! కాసేపు ఆగవమ్మా” అని శరభయ్య గుసగుసలాడాడు.

“నీ చమత్కారం నీ దగ్గరే ఉంచుకో నాయనా! పక్క మనిషి ఆకు ఖాళీగా ఉంటే నాకు ముద్ద దిగదు. పొద్దుట మా గొర్రెపిల్లలు చూసిన చూపే ఈ దొర కూడా చూస్తున్నాడు.” తర్వాత రాజువైపు తిరిగింది. “తిను దొరా. నేనింకా నోట పెట్టలేదు, ఎంగిలి కాదు.”

రాజు ఆ ముద్ద తుంచి నోట పెట్టుకున్నాడు. జన్మలో మొదటిసారి ఆయన మీసాలు కిందికి వాలాయి.

“శరభయ్యా, నీ మాటకు కోపం వచ్చింది. ఈ ముద్దకు సిగ్గొచ్చింది” అన్నాడు నెమ్మదిగా. గుమ్మంలో ఉన్న భటుణ్ణి పిలిచాడు. “పో, ఏటిగట్టు కంచె పీకించు. ఇకనుంచి మండుటెండల్లో ముందు గొర్రెలు మేస్తాయి. మిగిలితేనే మా ఏనుగులకు.”

అప్పుడు నవ్వాడు చూడండి ఉద్దండ భూపతి! ఆ నవ్వుకు పులిహోర కొండ కూలి, ఆ చివర కూర్చున్నవాళ్ళంతా కనబడ్డారు. మెడలో ముత్యాలహారం తీసి శరభయ్య మెడలో వేశాడు. తర్వాత బీరవ్వవైపు తిరిగి, “నీకేం కావాలో కోరుకో అవ్వా, ఏదైనా సరే!” అన్నాడు.

“ముందు మజ్జిగ పోసుకో దొరా, పొలమారుతుంది” అంది బీరవ్వ.