పైడమ్మ కోసిన మల్లెలు

మా గురువుగారు అప్పలదాసుగారికి ఒక అలవాటుండేది. ఎవరేది అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. తంబురా తీగ ఒకటి మీటి, ఆ మోత ఆగేదాకా కళ్ళు మూసుకునేవారు. ఆ మోత తర్వాతి నిశ్శబ్దం నాకిప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది.

ఒక వేసవి సాయంత్రం, భజన అయ్యాక, నాగేశం అనే శిష్యుడు అడిగాడు.

"గురువుగారూ, కరోనా ఏడాది నష్టపోయిన తోటలకి సర్కారు సాయం ఇచ్చింది కదండీ. ఎండబెట్టుకున్నవాడికి అందింది, కాపాడుకున్నవాళ్ళకి అందలేదు. మరి మంచిగా బతకడం దేనికండీ?"

తీగ మోగి ఆగింది. గురువుగారు మా ఊరి పైడమ్మ సంగతి ఎత్తుకున్నారు.

ఆ ఏడాది మల్లెలు విరగబూశాయి. గుళ్ళు మూశారు, పెళ్ళిళ్ళు ఆగాయి, పూలు పట్నం చేర్చే బండి లేదు. పక్కతోట ఎర్నాయుడు నీళ్ళు కట్టడమే మానేశాడు. పైడమ్మ మాత్రం రోజూ తెల్లవారుజామునే మొగ్గలు కోసేది. కొయ్యని మొగ్గ చెట్టు మీదే విచ్చి వాడిపోతే చెట్టు ఉసూరుమంటుందని వాళ్ళ అత్త చెప్పిన మాట. కోసినవి గడపగడపకీ దోసెడు పెట్టి వచ్చేది. ముక్కుకి గుడ్డ కట్టుకున్నా ఆ వాసన ఆగేది కాదు. ఎక్కడికీ వెళ్ళే పని లేని ఆడవాళ్ళు కూడా ఎవరూ చూడని జడల్లో మల్లెలు తురుముకున్నారు. అంత అందమైన వేసవి, అంత బెంగగా గడిచిన వేసవి మళ్ళీ రాలేదు.

నష్టపోయిన తోటలు చూసి సాయం రాసుకోవడానికి అధికారి వస్తాడని తెలిసింది. అది రాకపోతే పైడమ్మ పాడిగేదెను అమ్ముకోవాలి. ఎర్నాయుడు కంచె దగ్గరికి వచ్చాడు.

"అప్పా, ఎల్లుండి సారొత్తాడు. అందాకా కొయ్యకు. చెట్టు మీద వాడిన పువ్వు కనపడాల."

"అలాగేలే తమ్ముడా. ఆమాత్రం ఆగలేనా?" అంది పైడమ్మ.

మర్నాడు గట్టు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తూరుపు తెల్లబడేసరికి చెట్ల నిండా ఉబ్బిన మొగ్గలు కనిపించాయి. కాసేపు మొహం తిప్పుకుంది. ఆ తర్వాత ఎప్పుడు లేచిందో ఆవిడకే తెలియదు, బుట్ట నిండిపోయింది. ఆ మర్నాడూ అంతే.

"తోట కళకళలాడుతోంది. ఇందులో నష్టమేదమ్మా?" అన్నాడు అధికారి.

పైడమ్మ బుట్టవైపు చూసింది. సాయం ఎర్నాయుడికి వచ్చింది. ఈవిడ గేదెను అమ్ముకుంది, కొన్నవాళ్ళు తోలుకుపోయారు.

వానలు పడ్డాయి. ఎర్నాయుడి మొక్కలు మళ్ళీ చిగురించలేదు. అతను తలొంచుకుని కంచె దగ్గర నిలబడ్డాడు.

"నాటుకోడానికి కొమ్మలు కావాల, అప్పా. ఊరికే ఇయ్యొద్దు. ఆ సాయం డబ్బుంది."

"కొమ్మకి డబ్బేటిరా? నువ్వు తెల్లారి లెగవ్వు, అదీ నా బెంగ," అంటూ పైడమ్మ కత్తి అందుకుంది.

గురువుగారు అక్కడితో ఆపేశారు. నాగేశానికి తృప్తి కలగలేదు.

"మరి గేదె, గురువుగారూ?"

"గేదె పోయింది నాయనా. పోలేదని నేననను."

అప్పుడే, ఇద్దరి మొక్కలూ పూస్తున్న ఆ తోటలవైపు నుంచి మల్లెల గాలి వచ్చింది. మేమందరం మాట మరిచిపోయి ఊపిరి పీల్చాం. గురువుగారు తంబురా మీద చెయ్యి ఉంచి, నాగేశాన్ని అడిగారు.

"ఈ వాసన ఏ తోటదో చెప్పు."