రాతికొకటి

అడిగిన ప్రశ్నకు విశ్వేశం మాస్టారు కుర్చీలో కూర్చుని జవాబు చెప్పిన పాపాన ఎన్నడూ పోలేదు. నలభై ఏళ్లు సముద్రజీవుల మీద పరిశోధన చేసిన మనిషి. శిష్యుల్ని నీళ్లలో ముంచి తేల్చడమే ఆయన బోధన. అందుకే శిష్యురాలు హైమవతి, "చెవినత్తల వేట ఇంకెన్నేళ్లు ఆపమని రాయమంటారు మాస్టారూ?" అని అడగ్గానే ఆయన చెప్పులు వేసుకుని పడవ దగ్గరికి నడిచారు.

చెవినత్త అంటే రాతిని కరుచుకుని బతికే చెవి ఆకారపు నత్త. నీళ్లలో మునిగి దాన్ని తీసే కుటుంబాలు ఆ పేటలో అరవై. వేట మీద ప్రభుత్వం నిషేధం పెట్టి తొమ్మిదేళ్లయింది. సగంమంది పొట్ట చేతపట్టుకుని వలసపోయారు. మిగిలినవాళ్లకు హైమ రాయబోయే నివేదికే దిక్కు.

పడవలో వెంట వచ్చిన పేట మనిషి, ముసలి తాతాలు, సముద్రంలో పది రాళ్ల దగ్గర మునిగాడు. ప్రతిసారీ ఒక వేలు చూపిస్తూ తేలాడు. "ఉంది తల్లీ! అరసెయ్యంత ఉంది!"

పదికి పది. హైమకు ప్రాణం లేచొచ్చింది. "పిల్లలో?" అంది.

"పిల్లల్నేవు," అన్నాడు తాతాలు పడవ అంచు పట్టుకుని. "ఆపీసే ముందు సివరి యేటలో ఈ బాబుగారే రాతికొకటి ఇత్తనం వొదిలీమన్నారు. ఒక్కడూ మాట తప్పనేదు. మునుపు గంగమ్మ రాయి అని ఒక రాయిని ముట్టీవోళ్లం కాదు, దాని నిండా నత్తలే. అది మూఢనమ్మకమన్నారు గదా, దాన్నీ ఒలిసేసి ఒకటే ఉంచినాం."

అతని గొంతులో నిష్ఠూరం లేదు, గర్వం ఉంది. అదే హైమ భరించలేకపోయింది. ఆడదీ మగదీ పక్కపక్కనే ఉండి గుడ్లూ బీజమూ నీళ్లలోకి వదిలితేనే వీటికి సంతానం. రాయికీ రాయికీ నడుమ ఇరవై బారలు. అంత దూరం పాకడం వాటి వల్ల కాదు. తొమ్మిదేళ్లుగా ప్రతి ఒక్కటీ తన రాతి మీద ఒంటరిగా ముసలిదవుతోంది.

"అన్నిటినీ ఒకచోట చేర్చలేమా?" మాస్టారిని అడిగింది.

"నిరుడు పన్నెండింటిని చేర్చాను. పీకేటప్పుడు ఏమాత్రం గాయమైనా దీనికి నెత్తురు ఆగదు. ఒక్కటీ దక్కలేదు."

తాతాలు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇంకెన్నేళ్లు ఆగమంటారు బాబూ? ఆగుతాం. మీరు సెప్పండి, సాలు."

మాస్టారు అతని ముఖం చూడలేక నీళ్లకేసి చూశారు. అతనికి వినపడనంత మెల్లగా హైమతో అన్నారు:

"నా మాట వినని ఊరైతే, అమ్మా, ఆ ఒక్క రాయైనా మిగిలి ఉండేది."