ఊపిరికోన నెర్రెమ్మ

అమ్మా, అయ్యా, కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. వెనకవాళ్ళకూ చోటివ్వండి. మీ ఎదుట బండను చీల్చుకుని సాగిన ఈ నెర్రెయే అమ్మవారు. వేరే విగ్రహం లేదు. నెర్రెకు ఆవలి నేల మూరెడు ఎత్తున ఉంది, ఆ అంచు కింద నీరు ఊరుతోంది, చూశారు కదా. ఆ వైనమే చెబుతాను.

పూర్వం రెండు కొండల నడుమ గిన్నెలాంటి ఈ కోనలో మేకల కాపరులు ఉండేవారు. వాగు నీరంతా నెర్రెలోకి ఇంకిపోతోందని ఊరిపెద్ద బయ్యన్న రాళ్ళూ సున్నమూ కూరించి దాన్ని పూడ్పించాడు. వాగు నిండింది, ఊరు సంబరపడింది. ఆయన కోడలు ఈదమ్మకు మాత్రం గుండెలో గుబులు. ఆమె మేకలు ఆ పూడిక మీద కాలు మోపేవి కావు.

ఒక మధ్యాహ్నం బండనీడన కునుకు పట్టిన ఈదమ్మకు నెర్రెమ్మ కలలో కనిపించింది. రెండు కొండలూ ఆమెను చెరోవైపు నొక్కుతున్నాయి.

"సముద్రం అడుగు నుంచి ఆదిశేషుడు నా కిందికి దూరుతున్నాడు బిడ్డా. గోరు పెరిగినంత మెల్లగా వస్తాడు, ఆగడు. ఈ కొండలు లేచింది ఆ తోపుడుకే. ఈ పూట నేను ఒత్తిగిలక తప్పదు. నెర్రె తెరిచి ఉంటే ఇక్కడే కదిలి ఊరుకుంటాను, ఇళ్ళ గోడలు మాత్రం నిలవవు. మూసి ఉంటే కోనంతా చీలుతుంది."

కల చెబితే ఎవరూ ఇల్లు కదలరని ఈదమ్మకు తెలుసు. కల అబద్ధమైతే ఊరంతటికీ దాహమేననీ తెలుసు. అయినా గునపం పట్టి పూడిక పెకలించసాగింది. చప్పుడు విని జనం పరుగున వచ్చారు.

"నీళ్ళన్నీ పోతే మేకలకు ఏం తాపుతావే, నీ కన్నీళ్ళా?" అన్నాడు బయ్యన్న.

"తిట్టేవాళ్ళు ఇంతేనా మామా? ఇళ్ళలో నోరున్నవాళ్ళు ఇంకెవరూ లేరా?" అంది ఈదమ్మ, గునపం ఆపకుండా.

ఆ మాట ఊరంతా పాకింది. చంటిబిడ్డలను చంకనేసుకుని తల్లులు వచ్చారు. మంచాన పడ్డ అత్తగారు సైతం, కోడలిని నాలుగు మాటలు అననిదే ప్రాణం పోదని, మంచంతో సహా మోయించుకుని వచ్చింది.

ఆఖరి రాయి లేచింది. కొండలు మూలిగాయి. నేల అలలా కదిలి, ఆవలి అంచు అందరూ చూస్తుండగానే మూరెడు పైకి లేచింది. వెనుదిరిగి చూస్తే ఊళ్ళో ఒక్క గోడ నిలవలేదు. ఆ గోడల మధ్య ఒక్క ప్రాణీ లేదు. కోడలిని కొట్టబోయి ఎత్తిన బయ్యన్న చేతులు మెల్లగా జోడయ్యాయి. లేచిన అంచు కింద నీటిచెలమ పుట్టింది.

నేటికీ జాతరనాడు ఊరి కోడలొకతె నెర్రె మీద రాయి పెట్టి తీస్తుంది. ఇంటింటి వారూ పొయ్యి ఆర్పి, ఆమెను తిట్టుకుంటూ బయటికి రావాలి. మంచాలూ ఊయలలూ వచ్చాకే హారతి. ఆ తిట్లే అమ్మకు పూజ. అలా వచ్చిన ఇంట అకాలమృత్యువు అడుగుపెట్టదని పెద్దల మాట.

తీర్థం పుచ్చుకోండి. వెళ్ళాక ఈ ఒక్క పని మరవకండి: బయటికి రమ్మని ఎవరు పిలిచినా, తిట్టుకుంటూనైనా రండి. కదలలేనివారిని ముందు ఎత్తుకోండి. ఏటా ఒకసారి మీ ఇంట్లోంచీ అలా అందరూ బయటికి వచ్చి చూడండి.