సోడియం దీపానికి తగిలిన దిష్టి

పసిడిగుట్ట రాజుగారికి బంగారం పిచ్చి పట్టింది. రంజితవర్మ అని ఆయన పేరు. ఒకరోజు ఊరేగింపులో, పచ్చగా వెలిగే సోడియం వీధిదీపం కింద ఆగి అద్దంలో చూసుకుంటే, ముఖం మేలిమి బంగారంలా కనిపించింది. అంతే, ఆ దీపాన్ని స్తంభంతో సహా పీకించి తన పడకగదిలో పాతించుకున్నారు. వీధిలోవాళ్ళు వచ్చి చీకటిగా ఉందని మొత్తుకుంటే, మీకు వెలుగు కావాలా, బంగారు రాజు కావాలా అని అడిగారు. పాపం వాళ్ళేం చెబుతారు, ఇంటికి పోయారు.

దీపం బిగించిన మేస్త్రీ వెళ్తూ వెళ్తూ ఒక జాగ్రత్త చెప్పాడు. ఇది పగిలితే వట్టి చేత్తో ముట్టుకోకూడదు, నీటిచుక్క తగలనివ్వకూడదు, లోపలున్న లోహానికి తడి తగిలితే భగ్గుమంటుంది అని. రాజుగారు అద్దంలో మునిగి ఉన్నారు. ఆ మాట విన్నది ఆస్థాన విదూషకుడు పేరయ్య ఒక్కడే.

అది మొదలు రాజుగారు పట్టపగలు కూడా కిటికీలు మూసుకుని ఆ దీపం కిందే కూర్చునేవారు. ఓనాడు కిరీటం గాల్లోకి ఎగిరితే ఎలా మెరుస్తుందో చూడాలని ముచ్చటపడి పైకి విసిరారు. అది వెళ్ళి దీపానికి తగిలింది. దీపం ముక్కలై నేలంతా పరుచుకుంది.

సభ మొత్తం పడకగదికి పరుగెత్తుకొచ్చింది. అందరికంటే ముందు వచ్చినవాడు దిష్టి మంత్రి ఉద్దండయ్య. ఆ రాజ్యంలో వానలకీ పంటలకీ మంత్రులు లేరు గానీ దిష్టికి మాత్రం ఉన్నాడు. రాజుగారు తుమ్మితే దిష్టి, వంటశాలలో పులుసు అడుగంటితే దిష్టి.

ఉద్దండయ్య మీసం దువ్వి తీర్పు చెప్పాడు. ప్రభువుకి తగలాల్సిన దిష్టి దీపానికి తగిలిందట. ముక్కలన్నీ ఏరి ఎర్రనీళ్ళ బిందెలో వేసి, ప్రభువు చుట్టూ తిప్పి, దారిలో పారబోయాలట. ఏరాల్సింది గది ఊడ్చే అచ్చాలు. అదీ వట్టి చేతులతోనే, గుడ్డ అడ్డం పెడితే దిష్టి అలుగుతుందట.

అచ్చాలు పేరయ్య పెళ్ళాం. ఆమె కొంగు నడుముకి దోపి వంగబోతుంటే పేరయ్య అడ్డం వచ్చాడు.

"ప్రభూ, ఆగమనండి. అందులో ఉన్నది నీళ్ళు తగిలితే మండుతుంది," అన్నాడు.

గదిలో అందరూ ఘొల్లుమన్నారు. నీళ్ళలో నిప్పట! రాజుగారైతే పొట్ట పట్టుకుని నవ్వి, ఈమధ్య నువ్వు చెప్పినవాటిలో ఇదే మంచి హాస్యం అని మెచ్చుకున్నారు. పేరయ్యకి ఒళ్ళు మండిపోయింది. జన్మకో నిజం చెబితే దానికా నవ్వేది? సరే, వీళ్ళకి నిజం ఎక్కదు, ఎక్కేదే చెబుదాం అనుకున్నాడు.

వెంటనే కళ్ళు మూసుకుని, ఒళ్ళంతా వణికించి, ఇది మామూలు దిష్టి కాదు, పొడి దిష్టి అన్నాడు. అందరి నవ్వూ ఆగిపోయింది. దీనికి తడి గిట్టదని చెప్పాడు. ముందు కరెంటు ఆపాలి, లేకపోతే దిష్టి తీగ పట్టుకుని రాణివాసానికి పాకుతుంది. కిటికీలు బార్లా తెరవాలి, లేకపోతే పోవడానికి దారుండదు. జనమంతా బయటికి పోవాలి. చీపురు పెడితే గదంతా చెదిరి మూలమూలకీ చేరుతుంది, కాబట్టి చీపురు వద్దు. అచ్చాలైతే అసలు దగ్గరికే రాకూడదు.

రాజుగారు అప్పుడే గుమ్మం వైపు జరుగుతున్నారు. ఉద్దండయ్యకి మాత్రం కడుపు మండింది.

"దిష్టి మంత్రిని నేను. నీళ్ళు లేకుండా దిష్టి తీయడం ఎక్కడైనా ఉందా? బిందె తెండి," అన్నాడు.

బిందె రానే వచ్చింది. అచ్చాలు మళ్ళీ వంగింది. పేరయ్య ఆమె చెయ్యి పట్టుకుని ఆపి, మంత్రికి వినయంగా దండం పెట్టాడు.

"అలాగే కానివ్వండి. ఒక్క సందేహం తీర్చండి. అసలు దిష్టి ఎలా తగులుతుంది?"

"చూసినవాళ్ళు మనసారా మెచ్చుకుంటే తగులుతుంది. ఆమాత్రం తెలీదూ?"

"మరి రోజూ పొద్దున్నే వచ్చి, ప్రభువులు మేలిమి బంగారంలా ఉన్నారని మెచ్చుకున్నది ఎవరండీ?"

అందరి కళ్ళూ ఉద్దండయ్య మీదే.

"అదీ... మనసారా కాదు ప్రభూ. ఊరికే పైకి అన్నాను."

"ఊరికే అన్నావా? అంటే నేను బంగారంలా లేనా?" అన్నారు రాజుగారు.

"అయ్యో, ఉన్నారు ప్రభూ, ఉన్నారు."

"అయితే ఆ పాడు కన్ను నీదే!"

రాజుగారికి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే బిందె వెనక్కి పంపించి, ఉద్దండయ్య కళ్ళకి గంతలు కట్టించి వసారాలో కూర్చోబెట్టించారు. పొడి దిష్టి పని పేరయ్యకి అప్పగించారు.

గదికి గాలి బాగా తగిలేదాకా పేరయ్య గుమ్మం దాటలేదు. తర్వాత చేతులకి మందపాటి తొడుగులు, కాళ్ళకి బూట్లు వేసుకుని లోపలికెళ్ళాడు. గట్టి అట్టముక్కతో గాజుపెంకులు ఎత్తి, నలుసుల్ని జిగురు కాగితానికి అంటించి, అన్నిటినీ పొడిగా ఉన్న సీసాలో వేశాడు. తొడుగులు కూడా అందులోనే పడేసి మూత బిగించాడు. సీసాని ఇంటి చెత్తలో కలపనివ్వలేదు. ప్రమాదకరమైన చెత్త తీసుకునే కేంద్రానికి గొడుగు పట్టించి, డప్పులు కొట్టించి మరీ పంపాడు.

రాజుగారు సంతోషించి తన చేతి కంకణం తీసి ఇచ్చారు. పేరయ్య దాన్ని అక్కడికక్కడే, ఒక్క గీతైనా పడని అచ్చాలు చేతికి తొడిగాడు. అచ్చాలు చెయ్యి ముందుకు చాపి చూసుకుంది.

"ఇది సరేనయ్యా. పెళ్ళయ్యాక నువ్వు ఒక గది శుభ్రం చేయడం ఇవాళే చూశాను. మనింటికి కూడా ఎప్పుడైనా దిష్టి తగిలితే బాగుండు," అంది.

రాజుగారు నవ్వీ నవ్వీ పక్కనున్న మంచం మీద కూలబడి, పేరయ్యకి అప్పటికప్పుడు రెండో ఉద్యోగం కూడా ఇచ్చేశారు, రోజూ వాళ్ళింట్లో దిష్టి తీసేలా.