ఆల్చిప్పల పంతులమ్మ

గోదావరి సముద్రంలో కలిసే చోట, మడ అడవి అంచున ఒక ఇసుక దిబ్బ ఉంది. ఏటా చలి తగ్గుముఖం పట్టగానే సముద్రపు తాబేళ్లు ఆ దిబ్బకొచ్చి, గుంట తవ్వి గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతాయి. వాటి సంగతులు ఒడ్డున తిరిగే ఉల్లంకి పిట్టకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. తోటి పిట్టలు జోడు కట్టి గూళ్లు అల్లుకునే వయసులో అది తాబేళ్ల జాడల వెంట తిరిగింది. అప్పుడు అందరూ నవ్వారు. ఇప్పుడు పంతులమ్మగారూ అంటున్నారు.

గుడ్లున్న ప్రతిచోటా ఓ తెల్లటి ఆల్చిప్ప నిలబెట్టడం పంతులమ్మ పద్ధతి. దారిన పోయే జంతువులు చూసుకుని పక్కనుంచి నడవాలని దాని ఆశ.

ఆ పద్ధతిని నోరారా మెచ్చుకున్నది నక్క ఒక్కటే.

"ఆయ్, ఎంత గొప్ప ఆలోచనండీ పంతులమ్మగారూ. కాకపోతే చిప్పలు చిన్నవైపోయాయండి. మా బోటివాళ్లం చూసుకోక తొక్కేస్తే పాపం కదండీ."

"నిజమే. పెద్దవి మోయడం నా వల్ల కాదే."

"నేను లేనూ? మీ శిష్యుణ్ననుకోండి."

పొగడ్త ఎరగని ప్రాణం కదా, పంతులమ్మ పొంగిపోయింది. నక్క పెద్ద పెద్ద చిప్పలు నోట కరుచుకొచ్చి, చూపించిన చోటల్లా పాతింది. ఆ ఏడాది గుంటలన్నీ ఖాళీ అయ్యాయి. మరుసటేడూ అంతే.

"పోటు నీళ్లండి, ఊడ్చుకుపోయాయి" అంది నక్క మొహం దిగాలుగా పెట్టి. పంతులమ్మ నమ్మింది. నమ్మడమే కాదు, అడవి సభలో పోటు మీద పెద్ద ఉపన్యాసం కూడా ఇచ్చింది.

మూడో ఏడు ఒక ముసలి తాబేలు గుడ్లు పెట్టి, తెల్లారుతుండగా సముద్రంలోకి పోతూ పోతూ ఆగింది.

"పంతులమ్మా, రెండేళ్లుగా నా పిల్లల్లో ఒక్కటీ నీళ్లలో దిగలేదు."

"పోటు ఎక్కువైంది తల్లీ."

"పోటులో పుట్టి పెరిగినదాన్ని, పోటు సంగతి నాకు చెప్తావేంటి? ఈసారి కూడా ఇంతే అయితే ఈ ఒడ్డు మొహం చూడను. మావాళ్లనీ రానివ్వను."

తాబేలు అలల్లో కలిసిపోయింది. పంతులమ్మకు ఏడుపొచ్చింది. తాబేళ్లే రాకపోతే తన బతుకంతా దేనికి ధారపోసినట్టు?

ఆ బెంగతోనే దిబ్బంతా కలయతిరిగింది. ఒకచోట గాలికి కొట్టుకొచ్చిన ఆల్చిప్ప ఒకటి ఉత్త ఇసుకలో దిగబడి ఉంది. అక్కడ ఏ తాబేలూ గుడ్డు పెట్టలేదు. అయినా చిప్ప పక్కనే అప్పుడే తవ్విన గొయ్యి ఉంది.

'పోటు నీళ్లకు నా గుర్తులు చదవడం ఎప్పుడొచ్చింది?' అనుకుంది పంతులమ్మ. ఆ వెంటనే చిప్పలు మోసిన నోరు గుర్తొచ్చింది. దొంగకు ఇన్నాళ్లూ దారి చూపించింది తానేనని తెలిసి సిగ్గుతో చచ్చిపోయింది.

అయినా కేకలు వేయలేదు. గుడ్ల మీద ఇసుక చదును చేసి, తాబేళ్ల జాడలు చెరిపేసింది. చిప్పలన్నీ కిందా మీదా పడి ఈడ్చుకెళ్లి, మడ చెట్ల కింద మండపీతల బొరియల దగ్గర పాతింది.

నక్కను పిలిచి, "ఈ ఏడాది తాబేళ్లు అడవి వైపు జరిగాయి నాయనా. కొత్త విషయం, ఎవరితోనూ అనకు" అంది.

"నా నోటంట ఎందుకొస్తుందండీ" అంది నక్క.

మర్నాడు నక్క మూతి బూరెలా వాచింది. కందిరీగ కుట్టిందంది. ఆ తర్వాత చాలా రోజులు దానికి రోజుకో కందిరీగ కుట్టింది.

ఎండలు ముదురుతుండగా ఒక పొద్దున దిబ్బ ఇసుక కదిలింది. అరచేతిలో ఇమిడేంత పిల్లలు బిలబిలమంటూ సముద్రం వైపు పాకాయి. పంతులమ్మ వాటి వెనకే నీళ్లదాకా నడిచింది. ఇన్నేళ్లలో దానికి అంత సంతోషం ఎన్నడూ కలగలేదు.

అడవి సభలో పెద్దమనిషి గూడబాతు పంతులమ్మను ముందుకు పిలిచి సన్మానం చేయబోయింది. పంతులమ్మ, "ఈ ఏడాది గుడ్లన్నీ భద్రంగా పిల్లలయ్యాయండి" అని ఊరుకుంది.

నక్కకు ఒళ్లు మండిపోయింది. ఒకపక్క ఆకలి, ఒకపక్క మూతి నొప్పి. పైగా పంతులమ్మ చదువు తప్పని తేలితే ఆ పీట తనదేనన్న ఆశ.

"అబద్ధమండీ" అంటూ లేచింది. "ఈవిడ పరిశోధనంతా బూటకం. ఆ చిప్పల కింద ఒక్క గుడ్డు లేదు. అన్నీ పీతలే. ఒక్కటి వదలకుండా నేనే స్వయంగా తవ్వి చూశాను."

గూడబాతు మెడ సాచి నక్క మూతి వంక చూసింది.

"ఎందుకు తవ్వావు నాయనా?"

నక్క వాచిన మూతిని ముందు కాళ్లతో కప్పుకుంది.

"పోనీలెండి గూడబాతుగారూ" అంది పంతులమ్మ నెమ్మదిగా. "రెండేళ్లు గుడ్లేమయ్యాయో నేను కనిపెట్టలేకపోయాను. మా శిష్యుడే తేల్చిచెప్పాడు."

జంతువులన్నీ లేచి దారి ఇస్తే, నక్క తోక ముడుచుకుని దిబ్బ దాటి పోయింది.

నీతి: ఏది ఎవరి కంట పడకూడదో తెలుసుకోవడం కూడా చదువులో భాగమే.