చివరి బల్ల మీది పైడితల్లమ్మ

సన్యాసిరావు మాస్టారు ఏటా కొత్త నాటకం మొదలుపెట్టే ముందు పాలకొండ గ్రంథాలయం గోడకు ఒక కాగితం అంటించేవారు. "వేషం వేసేవారు, తెర లాగేవారు, దుస్తులు కుట్టేవారు, ఊరికే వచ్చేవారు కావలెను" అని అందులో ఉండేది. ఎనిమిదేళ్ళుగా ఆయన నాటక సమాజంలో ముఖ్య వేషాలు వేస్తున్న శిష్యుడు భుజంగరావుకు ఆ చివరి మాట మింగుడుపడేది కాదు. అతను బస్సు కండక్టరు. డ్యూటీ దిగి, అన్నం కూడా తినకుండా రిహార్సల్‌కు వచ్చే మనిషి.

"మాస్టారూ, ఊరికే వచ్చేవాళ్ళతో నాటకానికేం పని?" అని ఆ ఏడు అడిగేశాడు.

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఎవరొస్తారో చూద్దాం ఉండు," అన్నారు.

అలా ఊరికే వచ్చింది పైడితల్లమ్మ ఒక్కతే. బజారులో కూరలమ్ముకునే అరవయ్యేళ్ళ మనిషి. తనకు చదువు రాదనీ, పాట రాదనీ, సాయంత్రాలు ఇంట్లో పొద్దుపోక వచ్చాననీ చెప్పింది. మాస్టారు ఆమెను రిహార్సళ్ళు జరిగే బడి హాల్లో చివరి బల్ల మీద కూర్చోబెట్టి, ఏ మాట తనదాకా రాకపోతే అక్కడ చెయ్యెత్తమన్నారు.

ఆ నాటకంలో భుజంగరావుది తండ్రి వేషం. కూతురి చదువు మాన్పించిన ఆ తండ్రి, పదేళ్ళ తర్వాత ఆమె ఎదుట నిలబడి "తప్పు నాదేనమ్మా" అనాలి. అతను అన్నాడు. పైడితల్లమ్మ చెయ్యెత్తింది. మర్నాడు గొంతు పెంచి అన్నాడు. మళ్ళీ ఎత్తింది. మూడోనాడు హాలు కిటికీలు అదిరేలా అన్నాడు. ఆమె కాస్త మొహమాటపడుతూనే ఎత్తింది. తెర దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. భుజంగరావుకు ఒళ్ళు మండిపోయింది.

"ఆవిడకు చెవుడు మాస్టారూ. ఆవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి," అన్నాడు. ప్రదర్శనకు రెండు వారాలే ఉన్నాయి.

"చెవుడో కాదో నాకేం తెలుసు? వెళ్ళి అడుగు," అన్నారు మాస్టారు.

అతను విసురుగా వెళ్ళి ఆమె ముందు నిలబడ్డాడు.

"మాట ఇనపడింది బాబూ," అంది పైడితల్లమ్మ. "తప్పు ఒప్పుకున్నట్టు ఇనపళ్ళేదు. మా అయ్య ఓపాలి నాతో ఆ మాటే అన్నాడు. నా మొకం సూళ్ళేకపోనాడు. సగం మాట నోట్లోనే ఉండిపోనాది. అయినా నాకు మొత్తం ఇనపడింది."

భుజంగరావు బల్ల చివర కూలబడ్డాడు. కోపం ఎటుపోయిందో తెలియలేదు. ఆమె తండ్రి అప్పుడు ఏం చేసి ఉంటాడు, ఎటు చూసి ఉంటాడు, చేతులు ఎక్కడ పెట్టుకుని ఉంటాడు అన్న ఆలోచనే పట్టుకుంది. ఒక్కొక్కటే అడిగాడు. ఆమె గుర్తు తెచ్చుకుని చెప్పింది. తువ్వాలు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడట.

ప్రదర్శన రోజు భుజంగరావు ఆ మాట దగ్గరకొచ్చేసరికి తల దించుకున్నాడు. "తప్పు..." అన్నాడు. మిగతాది గొంతు దాటి రాలేదు. కూతురి వేషం వేసిన సుభాషిణి తన మాట మరిచిపోయి అతన్నే చూస్తూ ఉండిపోయింది. ముందు వరసలో దగ్గుతున్న పెద్దాయన కూడా ఆగిపోయాడు. చివరి వరసలో పైడితల్లమ్మ కొంగుతో మొహం ఒత్తుకుంది.

అందరూ వెళ్ళిపోయాక, రంగు తుడుచుకుంటూ భుజంగరావు, "మాస్టారూ, ఆవిడ ఇందుకు పనికొస్తుందని మీకు ముందే తెలుసా?" అని అడిగాడు.

మాస్టారు కుర్చీలు ఒకదానిమీదొకటి పేరుస్తూ, "ఎవరు దేనికి పనికొస్తారో ముందే తెలిస్తే, ఇంతమందిని పోగేసి నాటకం వేయడం దేనికోయ్?" అన్నారు.