తిమ్మరగట్టు సమసాళ్ళమ్మ వెలసిన వైనం

తిమ్మరగట్టు అనే కొండ వాలులో, నల్లరేగడి చేల నడుమ, గోపురం లేని చిన్న రాతిగుడి ఉంది. బస్సు దిగిన భక్తులు చేనుగట్ల వెంబడి నడిచి అమ్మ సన్నిధికి చేరుకుంటారు. గర్భాలయంలో చేతులూ ఆయుధాలూ గల విగ్రహం కనిపించదు. గుండ్రంగా తొలిచిన రాతిగిన్నె, దాని నడుమ ధాన్యపు కుప్పలా పైకి కొనదేరిన నల్లని శిల, శిల పాదం చుట్టూ మూడు రంధ్రాలు మాత్రమే ఉంటాయి. పసుపు పూసి, వెండి కళ్ళు అమర్చిన ఆ శిలయే సమసాళ్ళమ్మ.

పూర్వం ఇక్కడ కొర్రలూ జొన్నలూ పండించుకునే చిన్న పల్లె ఉండేది. మూడు కర్రుల గొర్రుతో విత్తనం వేసేవారు. గొర్రు మీద జడ్డిగం అనే చెక్కగిన్నె ఉండేది. దాని అడుగున ఒకే వరుసలో మూడు రంధ్రాలు, వాటి కింద మూడు వెదురు గొట్టాలు. ఎడ్లు గొర్రును లాగుతుంటే వెనుక నడిచే స్త్రీ పిడికిటితో జడ్డిగంలో గింజలు వదిలేది. అవి గొట్టాల గుండా మూడు సాళ్ళలో పడేవి.

ఆ ఊరి పొలాలన్నింటికీ విత్తనం వేసే చెయ్యి తిప్పక్కది. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకున్న ఆమెకు ఆ పనే ఆధారం, ఆ పనే గౌరవం.

జడ్డిగం అడుగు పళ్ళెంలా చదునుగా ఉండేది. చేను వాలుగా ఉన్నచోట గింజలు పల్లం వైపు జారి ఒకే గొట్టంలోకి దూరేవి. ఒక సాలులో పైరు ఒత్తుగా మొలిచి, ఒకదాన్నొకటి అణచుకుని ఎండిపోయేది. పక్క సాళ్ళు బోడిగా మిగిలేవి. గట్టు వాలులో కొత్తగా చేలు దున్నిన రెండేళ్ళూ అలాగే జరిగింది. గాదెలు ఖాళీ అయ్యాయి. జనం అడవిగడ్డలు తవ్వుకుని తిన్నారు. వారికి గొర్రు మీద అనుమానం రాలేదు, తిప్పక్క చేతి మీద వచ్చింది.

మూడో ఏడు తొలకరి పడింది. ఊరిపెద్ద బొజ్జారెడ్డి ఆమెను పిలిపించాడు. మంచివాడే గాని, ఊరి మాటకు ఎదురు చెప్పలేని మనిషి.

"నీ చెయ్యి మంచిది కాదని నేను అనలేదమ్మా. ఊరంతా అంటాండారు. ఉండేది కడాపటి విత్తనం. ఈ తూరి ఇంకొకరు వేస్తారులే."

తిప్పక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గట్టు ఎక్కింది. ఒక బండ నీడలో కూర్చుని తన రెండు చేతులూ చూసుకుని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి అక్కడే తల వాల్చి నిద్రపోయింది.

ఆ మధ్యాహ్నపు నిద్రలో ఆమెకు ఒక ముసలమ్మ కనబడింది. నుదుట పెద్ద బొట్టు, ఒడి నిండా కొర్రలు.

"కొండ నెత్తిన పడిన వాన ఎటు పోతుందే?" అని అడిగింది.

"అన్ని పక్కలకూ పోతుంది తల్లీ."

"అట్లయితే గింజలు నా నెత్తిన పొయ్యి. ముగ్గురు బిడ్డలకూ నేను పంచుతా."

తిప్పక్క ఉలిక్కిపడి లేచింది. తల ఆనించిన చోట, మట్టిలో నుంచి ఏదో రాయి మొన తేలి ఉంది. గోళ్ళతో తవ్వితే పిడికెడంత నల్లని శిల బయటపడింది. దాన్ని కొంగులో చుట్టుకుని నేరుగా వడ్రంగి మోనాచారి ఇంటికి పరుగెత్తి తన కల చెప్పింది.

మోనాచారి శిలను జడ్డిగం నడుమ నిలిపి, దాని కొన మీద గింజలు పోసి చూశాడు. అవి అన్ని వైపులకూ చక్కగా జారాయి గాని, గిన్నె అంచుల్లో నిలిచిపోయాయి.

"రంధ్రాలు దూరమైనాయక్కా. అమ్మ పాదాల కాడికి రావల్ల," అన్నాడు.

వెంటనే కొత్త చెక్క తీసుకున్నాడు. అడుగును లోపలికి వాలుగా తొలిచి, శిలను పోలిన కొయ్యమొనను నడుమ నిలిపి, దాని పాదం చుట్టూ మూడు రంధ్రాలు వేశాడు.

మరునాడు ఇద్దరూ దాన్ని చేనికి తెచ్చారు. బొజ్జారెడ్డి ఒప్పుకోలేదు.

"ముందు ఒక మూల వేసి చూడు. మొలకలొచ్చినాక మేము వేస్తాం."

"మొలకలొచ్చేదాకా పదును నిలుస్తుందా పెదనాయనా? నేల ఆరిపోతే ఆ విత్తనం ఏం చేసుకుంటాం?" అంది తిప్పక్క. "నా చేతిని నమ్మొద్దు. నీ చేత్తోనే పోసి చూడు."

బొజ్జారెడ్డి చేతులు వయసుతో వణికేవి. మూడు గొట్టాల కింద మూడు గుడ్డలు పరిచారు. గొర్రును కావాలనే ఒక పక్కకు వంచి పట్టుకున్నారు. ఆయన వణికే పిడికిటితో గింజలు వదిలాడు. కొన్ని పక్కన చిందాయి కూడా. లోపల పడినవి మాత్రం మొన తాకి, విడిపోయి, మూడు గుడ్డల మీద మూడు కుప్పలయ్యాయి. వాటిలో ఏది పెద్దదో ఎవరూ చెప్పలేకపోయారు.

బొజ్జారెడ్డి వంగి మూడు కుప్పలనూ చేత్తో తడిమి చూశాడు. తర్వాత విత్తనపు ఒడిసంచి తానే ఎత్తి తిప్పక్క భుజానికి తగిలించాడు.

"తప్పు నీ చేతిది కాదు తల్లీ. రెండేండ్లు నిన్ను ఊరికే ఉసురు పెట్టినాం. పొద్దు పోకముందే మొదలుపెట్టు."

ఆ ఏడు గట్టు మీద నిలబడి చూసినవారికి పైరు దువ్వెనతో దువ్వినట్టు కనిపించిందట. మూడు సాళ్ళూ సమంగా మొలిచి, సమంగా కంకులు వేశాయి. తిప్పక్కకు దొరికిన శిలను ఊరివారు బండ పక్కన, జడ్డిగంలా తొలిచిన రాతిగిన్నె నడుమ ప్రతిష్ఠించి, సమసాళ్ళమ్మ అని పేరు పెట్టుకున్నారు. చుట్టుపక్కల పల్లెలవారు వచ్చి మోనాచారి చేత అటువంటి జడ్డిగాలు చేయించుకుపోయారు.

నేటికీ తొలకరి పడగానే రైతులు ఇక్కడికి విత్తనం తెస్తారు. గుడి ముందు ట్రాక్టర్లూ విత్తే యంత్రాలూ బారులు తీరుతాయి. తెచ్చిన గింజల్ని అమ్మవారి శిరస్సు మీద పోసి, మూడు రంధ్రాల గుండా జారినవాటిని తక్కిన విత్తనంలో కలుపుకుంటారు. అలా చేసిన చేలో సాలు తప్పదని నమ్మిక. అర్చకులు తొలి పిడికిలి పోయడానికి ఊరిపెద్దలను పిలవరు. ఇంకెక్కడైనా శుభకార్యంలో "నువ్వు పక్కకు ఉండు" అనిపించుకున్న స్త్రీ ఎవరైనా ఉంటే ముందుకు రమ్మంటారు. ఆమె పిడికిలి నింపి పోస్తుంది. ఆమె పోసేదాకా తక్కినవారంతా తమ విత్తనం పట్టుకుని నిలబడి ఉంటారు.